మా ఇంట్లో ఎవరికీ లేదు

ఆ గురువారం నేను చేయవలసిన పనులు ఇవి.

నేను పనిచేసే కాలేజీ ఆఫీసుకు ఫోన్ చేసి మధ్యాహ్నం దాకా సెలవు అడగాలి. అడ్మిషన్ల కాలం కాబట్టి నాలుగు మాటలు పడాలి.
బాబును బడి ఆటో ఎక్కించాలి.
ఛత్రినాక వెళ్లి బాపును ఆసుపత్రికి బయల్దేరదీయాలి. ఎందుకో దారిలోనే చెప్పాలి. ఇంట్లో చెబితే రాడు.
విమలాదేవి మేడం వార్డుకు వచ్చేసరికి మేం అక్కడ ఉండాలి.
గోవర్ధన్ బావ ఏమన్నా ఎదురు మాట్లాడకూడదు.
మాణిక్యమ్మ అత్తమ్మను అడగాలి.
ఇదంతా అత్తమ్మకు రక్తం ఎక్కించకముందే కావాలి.

ఫ్రిజ్ మీద అంటించిన ఆ చీటీ చూసి మా ఆయన ఇందులో కష్టమైన పని ఏదని అడిగాడు. బాపును తీసుకుపోవడమే అన్నాను. ఆ మాట తప్పని ఆసుపత్రికి పోయాక తెలిసింది.

మాణిక్యమ్మ మా బాపుకు చెల్లెలు. హుస్సేనీ ఆలంలో ఇచ్చారు. మామయ్య పోయి చాలా కాలమైంది. కొడుకు గోవర్ధన్ ఆటో నడుపుతాడు, అతనికి పెళ్లై చిన్న పాప ఉంది. కూతురు మాన్య ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతుంది. ఆమెకు సైదాబాద్ సంబంధం ఒకటి కుదిరేలా ఉంది. అత్తమ్మకు పోయిన ఏడాది నుంచి కడుపు ఉబ్బరం. గల్లీ డాక్టరు గ్యాస్ గోలీలు రాస్తే అవే మింగుతూ వచ్చింది. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోందన్నా, నడుము నొప్పి అన్నా వయసు అనుకున్నారు. ఆషాఢం వచ్చేసరికి కడుపులో నీరు చేరి చీర కుచ్చిళ్లు నిలవడం లేదు. అప్పుడు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అండాశయంలో క్యాన్సర్ అనీ, అది కడుపంతా పాకిందనీ చెప్పారు.

బాపుకూ అత్తమ్మకూ చాలా ఏళ్లుగా మాటల్లేవు. కారణం నా చదువు. మావాళ్లలో మేనమామ కూతురంటే మేనల్లుడిదే. నన్ను గోవర్ధన్ బావకు ఇస్తారని నేను ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకున్నారట. రక్తం బయటికి పోవద్దని అత్తమ్మ ఎప్పుడూ అనేది. ఇంటర్ పాసయ్యాక నేను డిగ్రీ చదువుతానన్నాను. మా వంశంలో అప్పటిదాకా ఎవరూ డిగ్రీ కాలేజీ గడప తొక్కలేదు. నీళ్ల బోర్డులో లైన్‌మన్‌గా చేసిన బాపు, నా మాటే తన మాటగా, సంబంధం వద్దని హుస్సేనీ ఆలంకు కబురు పంపాడు. వద్దన్నందుకు కాదు, స్వయంగా రాకుండా కబురు పంపినందుకు అత్తమ్మ మనసు విరిగింది. ఆ ఏడు బోనాలకు బాపు ఆడబిడ్డను పిలవలేదు. పిలిచినా రానని ఆమె అన్నదని ఎవరో మాట మోశారు. ఆ తర్వాత పిలవకపోవడమే అలవాటైంది.

ముందటి ఆదివారం నేను ఒక్కదాన్నే వార్డుకు వెళ్లాను. అత్తమ్మ నన్ను చూసి, డిగ్రీ కోడలు వచ్చింది, కుర్చీ వెయ్యండని పక్క మంచం ఆమెతో అంది. కుర్చీ ఏమీ లేదు. మంచం అంచున కూర్చున్నాను. ఆమె చెయ్యి నా చేతిలో పెట్టుకుంటే తీసేసుకోలేదు.

అక్కడే విమలాదేవి మేడం పరిచయమయ్యారు. కుటుంబాల్లో వచ్చే క్యాన్సర్ల గురించి వివరించి చెప్పడమే ఆమె పని. నేను రోగికి ఏమవుతానని అడిగారు. మేనకోడలినన్నాను. అయితే మీ నాయనమ్మ ఎలా పోయారని అడిగారు. కామెర్లతో పోయిందని విన్నానన్నాను. ఇంకా మేనత్తలు ఉన్నారా అంటే, చిన్నత్త యాదమ్మ ఏదో గర్భసంచి జబ్బుతో నలభై దాటీ దాటకుండానే పోయిందని చెప్పాను. మేడం రాయడం ఆపి నా ముఖం చూశారు.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. ఒంట్లో చెడిపోయిన కణాలను బాగుచేయించే జన్యువులు కొన్ని ఉంటాయి. కొన్ని కుటుంబాల్లో అలాంటి ఒక జన్యువులో పుట్టుకతోనే మార్పు ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన రోగం వచ్చినట్టు కాదు, వచ్చే వీలు ఎక్కువ. మామూలుగా వంద మంది ఆడవాళ్లలో ఒకరికో ఇద్దరికో వచ్చే అండాశయ క్యాన్సర్, ఆ మార్పుల్లో ఒక రకం ఉన్నవాళ్లలో వందకు నలభై మందికి కూడా రావచ్చు. రొమ్ము క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది. తల్లి నుంచైనా తండ్రి నుంచైనా బిడ్డకు దిగే అవకాశం సగం. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు. పిల్లలు పుట్టాక, ఒక వయసులో, డాక్టర్లతో మాట్లాడుకుని అండాశయాలు తీయించుకోవచ్చు. కడుపు ఉబ్బిన తర్వాత తెలిస్తే చేయగలిగేది తక్కువ.

మీలో మేనరికాలు ఉన్నాయా అని కూడా అడిగారు. నా పెళ్లి కథ చెప్పాను. మేడం, అదే జరిగి ఉంటే మీ పిల్లలకు రెండు వైపుల నుంచీ వచ్చే వీలు ఉండేదని చెప్పారు. రక్తం బయటికి పోవద్దన్న అత్తమ్మ మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అంతకుముందు నాకు ఒకసారి స్కాన్‌లో అండాశయం మీద బుడగలా కనిపించింది. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని ఆ డాక్టరమ్మ అడిగితే, తోడు వచ్చిన బాపే జవాబు చెప్పాడు. మా ఇంట్ల ఎవ్వరికి లేదన్నాడు. బుడగ దానంతట అదే కరిగిపోయింది, మేమూ మరిచిపోయాం. బాపు అబద్ధమాడాడని ఇప్పటికీ అనుకోను. మా ఇల్లు అంటే మా ఇంటిపేరు. పెళ్లయిన ఆడబిడ్డ ఇంటిపేరు మారుతుంది. ఆమె చావు, ఆమె రోగం, ఆమె పిల్లలు వేరే ఇంటి లెక్కలోకి పోతాయి. మావాళ్లలో ఎవరిని అడిగినా అలాగే చెబుతారు.

పరీక్ష ముందుగా రోగం ఉన్న మనిషికే చేయాలని మేడం అన్నారు. గురువారం అత్తమ్మకు రక్తం ఎక్కిస్తున్నారు. పరాయి రక్తం కలిస్తే కొన్నాళ్లు ఆగాల్సి వస్తుంది. అన్నాళ్లు అత్తమ్మ ఉంటుందో లేదో మేడం చెప్పలేదు, నేను అడగలేదు. పరీక్షకు ఖర్చు ఏమీ లేదు, ఆసుపత్రిలో జరిగే ఒక అధ్యయనం కింద చేస్తారు. కావాల్సింది అత్తమ్మ ఒప్పుకోలు, పాత సంగతులు చెప్పడానికి బాపు. ఆమె ఒప్పుకోవాలంటే కొడుకు అడ్డుపడకూడదు.

గోవర్ధన్ బావ అప్పటికే వద్దన్నాడు. తల్లి కడుపులోవి టీబీ నీళ్లని మాన్యకు చెప్పి ఉంచాడు. సైదాబాద్ వాళ్లకూ అదే చెప్పాడు. నేను వరండాలో పట్టుకుని మాట్లాడబోతే నెమ్మదిగానే అన్నాడు.

“చూడు స్రవ్యా, ఆ కాయితం ఒకసారి బయటికొస్తే నా చెల్లెను ఎవడు జేస్కుంటడు? నువ్వు సదువుకున్నవ్, పెండ్లి జేస్కున్నవ్, సెటిలైనవ్. దాని బతుకుల ఎందుకు వేలు వెడ్తవ్?”

అతను కూడా చెల్లెలి కోసమే మాట్లాడుతున్నాడు.

అలా గురువారం వచ్చింది. ఛత్రినాకలో గల్లీకొక పందిరి వేస్తున్నారు, మైకులు పరీక్షిస్తున్నారు, దారి సగం మూసేశారు. పనుందని మాత్రం చెప్పి బాపును ఆటో ఎక్కించాను. ఆటో పందిళ్ల మధ్య నిలబడిపోయినప్పుడు అసలు సంగతి చెప్పాను. బాపు కిందికి దిగబోయాడు. చుట్టూ గుంజలు, దారి లేదు. మళ్లీ కూర్చున్నాడు.

దాని రోగానికి నీకేం సంబంధమని అడిగాడు. నాకూ ఉండొచ్చన్నాను. మీ అమ్మ తరఫున ఎవరికీ లేదు కదా అన్నాడు. నీ తరఫున రావొచ్చు బాపూ అన్నాను. మగవాడి నుంచి ఆడవాళ్ల రోగం ఎట్లా వస్తుందని కొంచెం కోపంగానే అన్నాడు.

అయినా చెల్లెలి రక్తమే ఎందుకు, నీ రక్తమే తీయించుకోరాదా అని అడిగాడు. అప్పుడు ఆయన పని భాషలోనే చెప్పాను.

“బాపూ, గల్లీల లైన్ లీకైతే నువ్వు ఏడ తవ్వుతుంటివి?”

“తడి ఉన్నకాడ.”

“పొడిగున్నకాడ తవ్వితే?”

“ఏం దొరుకుతది? రోడ్డు ఖరాబైతది.”

“గంతే. తడి అత్తమ్మ దగ్గరుంది. ముందు ఆమెకాడ జూస్తే, మాకు ఏడ జూడాల్నో తెలుస్తది.”

ఆటో కదిలింది. అఫ్జల్‌గంజ్ దాటేదాకా బాపు బయటికే చూస్తూ కూర్చున్నాడు. అర్థమైందనుకున్నాను. నా చీటీలో పెద్ద పని అయిపోయిందనుకున్నాను.

వార్డులో అత్తమ్మ దిండుకు ఆనుకుని ఉంది. చేతులు పుల్లలు, కడుపు మాత్రం నిండు నెలల కడుపు. బాపు మంచం కాళ్ల దగ్గర ఆగిపోయాడు. చెప్పులు విడవాలా వద్దా అన్నట్టు కిందికి చూస్తున్నాడు. అత్తమ్మే మాట్లాడింది.

“బోనాలకు పిలువనీకి వచ్చినవా అన్నా? జెర లేటైంది.”

పక్క మంచం ఆమె నవ్వింది. బాపు నవ్వలేకపోయాడు. గోవర్ధన్ బావ కిటికీ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామను పలకరించలేదు. మాన్య చాయ్ తేవడానికి కిందికి పోయిందట.

విమలాదేవి మేడం వచ్చి ఒక కాగితం తీశారు. అందులో ఆడవాళ్లకు గుండ్రాలు, మగవాళ్లకు చతురస్రాలు గీసి, రోగం వచ్చినవాళ్లవి నల్లగా నింపి, వంశాన్ని పై నుంచి కిందికి బొమ్మలా వేస్తారు. నా మాట విని సగం వేసుకున్నారు. మిగతా సగం పెద్దమనిషి నోటి నుంచి కావాలి. ఆమె బాపు వైపు తిరిగి ఎందరినో అడిగిన ప్రశ్నే అడిగారు. మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా?

“మా ఇంట్ల ఎవ్వరికి లేదమ్మా,” అన్నాడు బాపు.

దారి పొడుగునా నేను చెప్పిందంతా విన్న మనిషి. చెల్లెలి మంచం పట్టుకుని నిలబడ్డ మనిషి. ఆలోచించి అన్నది కాదు, నాలుకకు అలవాటైన మాట. అయినా అనేశాడు.

అత్తమ్మ మెల్లగా నా వైపు తిరిగింది.

“విన్నవా కోడలా? మీ బాపు ఇంట్ల ఎవ్వరికి లేదంట. మరి నేను ఎవరింటిదాన్నో. వేరే ఇంటిదాని రక్తం మీకెందుకు బిడ్డా? పోండ్రి.”

ఆమె గోడ వైపు తిరిగిపోయింది. మేడం ఆమె భుజం మీద చెయ్యి వేసి, ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతం చేయరని చెప్పి కాగితం మడిచారు. చేయాల్సింది అదే. కానీ ఆ కాగితం మడత పడుతుంటే నాకు చెయ్యి అడ్డం పెట్టాలనిపించింది.

అదే సమయానికి సిస్టర్ రక్తం సంచి తెచ్చింది. బ్లడ్ బ్యాంకు నుంచి బయటికి వచ్చాక ఎక్కువసేపు ఆపకూడదని, అరగంటలోపు మొదలుపెట్టాలని చెప్పి స్టాండుకు తగిలించింది. మేడం ఇంకొంచెం ఆగమని అడిగారు. సిస్టర్ గోడ గడియారం చూసింది. ఎక్కించు సిస్టర్, ఎవరి కోసం ఆగుడు, అన్నాడు గోవర్ధన్ బావ. సిస్టర్ సంచి మీది పేరూ నంబరూ, అత్తమ్మ చేతి పట్టీ మీది పేరూ నంబరూ సరిచూడడం మొదలుపెట్టింది. ఇంకో సిస్టర్ కూడా వచ్చి చూడాలట. ఆమె రావాలి. అంతే మాకున్న సమయం.

బాపు స్టూలు లాక్కుని అత్తమ్మ వీపు దగ్గర కూర్చున్నాడు. గోడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

“అమ్మకు కామెర్లు గాదు మాణిక్యా.”

అత్తమ్మ కదల్లేదు.

“నువ్వు అప్పుడు మేనమామోళ్లింట్ల ఉంటివి. నీ పెండ్లి మాటలు నడుస్తుండె. అమ్మ కడుపు గిట్లనే ఉబ్బె. డాక్టరు గడ్డ అన్నడు. పిల్లగానోళ్లకు తెలుస్తే పెండ్లి చెడ్తదని అమ్మనే అన్నది, కామెర్లు అని చెప్పుమని. నేను గట్లనే చెప్పిన. యాదమ్మకు గట్లనే ఉబ్బింది. వాళ్ల అత్తగారోళ్లు ఏదో పేరు జెప్పిన్రు, నేను ఊకున్న. వాళ్లింటి సంగతి అనుకున్న. ముగ్గురిని జూసిన నేను. ముగ్గురు నా ఇంటోళ్లే. రాసుకోండి మేడం.”

మేడం కాగితం విప్పారు. గీతలు గీస్తున్న చప్పుడు వినిపించింది. నాయనమ్మ గుండ్రం నల్లబడింది. యాదమ్మ గుండ్రం నల్లబడింది. మాణిక్యమ్మది ముందే నలుపు. ఆ పక్కనే బాపు చతురస్రం ఖాళీగా, తెల్లగా ఉంది. దాని కింద నా గుండ్రం.

అత్తమ్మ ఇటు తిరిగింది. ఆ తిరగడానికి కూడా ఆయాసపడింది. ఆమె కోపం చూస్తానని భయపడ్డాను. కోపం లేదు, అంతకంటే కష్టమైనదేదో ఉంది.

“అంటే నీకు తెల్సు.”

“తెల్సు.”

“నేను ఏడాది దాక గ్యాస్ గోలీలు మింగిన అన్నా. ఒక్కరన్న చెప్తే ముందే వస్తుంటి గద.”

బాపు మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు చూసుకున్నాడు. రెండో సిస్టర్ ఇంకా రాలేదు.

అత్తమ్మ కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి, రక్తం ఇస్తానంది. వెంటనే ఆమె ఇంకో మాట అంది. ఊరికే ఇవ్వదట. మాన్యను పిలిపించి, ఏం రోగమో, ఎందుకు తీస్తున్నారో దాని ముందర చెప్పాకే సూది పెట్టాలట. దాచిపెట్టేటట్టయితే ఒక్క చుక్క ఇవ్వనంది.

గోవర్ధన్ బావ కిటికీ దగ్గర నుంచి వచ్చేశాడు. వచ్చే వారమే సైదాబాద్ వాళ్లు వస్తున్నారు, అమ్మా, దానికెందుకు, పెళ్లయ్యాక చెబుదామన్నాడు.

“నా పెండ్లి కోసం మా అమ్మ దాసింది,” అంది అత్తమ్మ. “గందుకే నేనిట్ల పడున్న. ఇప్పుడు దాని పెండ్లి కోసం నేను దాస్తే, అదెక్కడ పడుండాలెరా?”

బావ గొంతు మారింది. ఇవి ఆడవాళ్ల రోగాలు, ఆడవాళ్లే చూసుకుంటారు, ఇప్పుడు దాని నోట్లో మట్టి కొట్టొద్దన్నాడు. ఏమన్నా ఎదురు మాట్లాడొద్దని నేను చీటీలో రాసుకున్నాను. కానీ ఇద్దరు సిస్టర్లూ సంచి దగ్గరికి వచ్చేశారు.

“బావా, రోగం ఆడోళ్లదే. మోసుడు మాత్రం మొగోళ్లు కూడ మోస్తరు. నాకు వస్తే మా బాపుకెల్లి వస్తది. మీ పాపకు వస్తే నీకెల్లి వస్తది.”

అతను నన్ను చూడలేదు. మేడం వైపు చూశాడు, కాదనమన్నట్టు. మేడం కాదనలేదు. తల్లిలో ఆ మార్పు ఉంటే కొడుక్కీ కూతురికీ సమానంగా సగం అవకాశమని చెప్పారు. అతనికి నాలుగేళ్ల పాప. పొద్దున ఆ పాపను ఆటోలో ముందు కూర్చోబెట్టుకుని గల్లీ చివరిదాకా తిప్పి దింపి వస్తాడని అత్తమ్మ నాతో ఆదివారమే చెప్పింది. అతను మంచం ఇనుప కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇక వద్దనలేదు. సరే అని కూడా అనలేదు.

మాన్య ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. అందరూ తననే చూస్తుంటే గుమ్మంలోనే ఆగింది. అత్తమ్మ దగ్గరికి పిలిచి, బిడ్డా, నాకు టీబీ కాదు అంది. తర్వాతి మాట ఆమెకు రావడం లేదు. పెదవులు తడుపుకుంటోంది. మాన్యే అందుకుంది.

“అమ్మా, బయట బోర్డు మీద ఇంతింత అక్షరాలతోని రాసుంది. నాకు సదువొస్తది. మీరు టీబీ టీబీ అంటున్రు గదా అని ఊకుంటున్న.”

ఆ మాటకు సిస్టర్లు కూడా నవ్వారు. నవ్వు ఆగాక, మేడం ఆమెకు మిగిలింది చెప్పారు, ఇది వంశంలో దిగే రకం కావొచ్చని. అది బోర్డు మీద రాసి లేదు. మాన్య ఫ్లాస్కు కింద పెట్టి, నాకూ పరీక్ష చేస్తారా అని అడిగింది. అమ్మ ఫలితం వచ్చాక, నువ్వు కావాలనుకుంటేనే, ఎప్పుడనేదీ నీ ఇష్టమే అన్నారు మేడం. మాన్య అన్న వైపు చూసింది. తర్వాత వాళ్ల అమ్మ చేతికున్న పట్టీని సర్దుతూ, తియ్యండి మేడం అంది.

ఒప్పుకోలు కాగితం చదివి వినిపించారు. అత్తమ్మ పెన్ను పట్టుకుని ఏ ఇంటిపేరు పెట్టాలె మేడం అని అడిగింది. ఆధార్‌లో ఉన్నదే పెట్టండమ్మా అంటే, గంతేనా, అని బాపు వైపు ఓరగా చూసి సంతకం చేసింది.

సూది మొదటిసారి దొరకలేదు. నరం జారిపోయింది. రెండో చేతికి మారారు. అదీ దొరకలేదు. అత్తమ్మ పళ్లు బిగించింది. సిస్టర్ సంచి వైపు చూస్తోంది, నేను సిస్టర్ ముఖం చూస్తున్నాను. ఇంకొక్కసారే చూస్తాను, రాకపోతే ఎక్కించేస్తానంది. బాపు లేచి చెల్లెలి అరచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దసాగాడు. చలికాలం తెల్లవారుజామున మోటరు పైపు పట్టుకునే ముందు తన చేతులు అలాగే రుద్దుకునేవాడు. కాసేపటికి మణికట్టు పైన సన్నని నరం ఒకటి లేచింది. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి రక్తం నెమ్మదిగా, ఆగి ఆగి దిగింది. తర్వాత సంచిలోని రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు.

అత్తమ్మ శ్రావణంలో పోయింది. ఫలితం ఆమె పోయాక వచ్చింది. మేడం అనుమానించిందే ఉంది. బీఆర్‌సీఏ వన్ అనే జన్యువులో హాని చేసే మార్పు.

సైదాబాద్ వాళ్లకు మాన్యే చెప్పింది. అన్నను చెప్పనివ్వలేదు. వాళ్లు మర్యాదగా విన్నారు, ఆలోచించుకుంటామన్నారు, తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ తర్వాత మాన్య ఫలితం వచ్చింది. ఆమెలో ఆ మార్పు లేదు. గోవర్ధన్ బావ నాకు ఫోన్ చేసి, చూసినవా, లేనిదానికే పోయింది సంబంధం, ఇప్పుడు చెప్పు అన్నాడు. ఇప్పటికీ ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మరుసటి నెల అతను ఎవరికీ చెప్పకుండా వెళ్లి తన రక్తం ఇచ్చి వచ్చాడని మాన్య చెప్పింది. ఫలితం ఏమొచ్చిందో నేను అడగలేదు. చెప్పాలనిపించినప్పుడు అతనే చెబుతాడు.

నాలో ఉంది. ఇంకో బిడ్డ కావాలా వద్దా, అండాశయాలు ఎప్పుడు తీయించుకోవాలి అని నేనూ మా ఆయనా డాక్టరుతో మాట్లాడుతున్నాం. భయం లేదంటే అబద్ధం. కానీ కడుపు కొంచెం బరువనిపిస్తే గ్యాస్ గోలీ మింగి పడుకోను.

నా ఫలితం చెప్పే రోజు బాపు కూడా వచ్చాడు. తన రక్తం కూడా తీయమని చొక్కా చేతులు మడిచాడు. అక్కర్లేదన్నారు మేడం. చెల్లెలిలోనూ కూతురిలోనూ ఉన్నదంటే మధ్యలో ఉన్న మీలో ఉన్నట్టేనన్నారు. బాపు చేతులు మడిచింది మడిచినట్టే ఉంచుకుని కూర్చున్నాడు.

మెట్లు దిగుతుంటే అన్నాడు.

“లైను నా కిందికెల్లే పోయింది బిడ్డా. పైన తడి కనబడలే.”

మీరూ ఏదో ఒక రోజు డాక్టరు ముందు కూర్చుంటారు. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు. లేదనే ముందు కొంచెం ఆగండి. ఇంటిపేరు మారి వెళ్లిపోయిన ఆడబిడ్డలను, పిలవడం మానేసిన వాళ్లను, వేరే ఏదో రోగం పేరు చెప్పి సాగనంపిన వాళ్లను ఒకసారి తలుచుకోండి. అప్పుడు మా మాణిక్యమ్మ అత్తమ్మను కూడా గుర్తుచేసుకోండి. హుస్సేనీ ఆలంలో ఇచ్చాం. మా ఇంటి మనిషి.